బుగ్గ లోపలి కబురు

మాఘమాసంలో మా ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్లు పదిహేను రోజులు సాగుతాయి. చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని ఆ రోజులు తట్టుకీ అనువైనవే. జ్వరం, కారే ముక్కు, ఎర్రబడ్డ కళ్లతో పిల్లల్ని తీసుకొస్తే ముందు బుగ్గ లోపల చూస్తాను.

"ఆ అను నాన్నా" అని నాలుక నొక్కి గొంతులోకి లైటు కొట్టడం మా డాక్టర్ల అలవాటు. తట్టు కబురు అక్కడ దొరకదు. బిడ్డను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, తలను ఆవిడ గుండెకు ఆనించి, చెంచా కాడతో పెదవి మూలను మెల్లగా పక్కకు లాగాలి. దవడ పళ్లకు ఎదురుగా బుగ్గ పొర కంది ఉంటుంది. దాని మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు, కాస్త నీలం ఛాయతో. పళ్లింకా రాని పసివాడైతే అవి రాబోయే చోట వెతకాలి. నాలుక మీద కూడా ఉండి, గుడ్డతో రాస్తే ఊడొచ్చే తెల్లపూత వేరు. 1896లో న్యూయార్క్ పిల్లల డాక్టరు హెన్రీ కోప్లిక్ ఈ చుక్కల గురించి రాశాడు, ఆయన పేరే నిలిచింది. దద్దుర్లకు ఒకటి రెండు రోజుల ముందు కనిపించి, అవి తేలాక త్వరలోనే మాయమవుతాయి. చుక్కలు లేవు కాబట్టి తట్టు కాదనడానికి మాత్రం లేదు.

ఇంత తొందర ఎందుకంటారా? తట్టు దద్దుర్లకు 4 రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. టీకా పడని చంటిబిడ్డ ఇంకొకరు ఇంట్లో ఉంటే, రోగితో కలిసిన 72 గంటల్లోపు టీకా వేయిస్తే జబ్బు తప్పే అవకాశం ఉంది. ఒళ్లంతా పేలి "అమ్మవారు పోసింది" అనుకునేసరికి ఆ గడువు దాటిపోతుంది. చుక్కలు కనిపించిన రోజున ఒక పూటో రోజో మిగిలి ఉండొచ్చు. అందుకే నా మొదటి ప్రశ్న, "ఇంట్లో ఇంకెవరున్నారమ్మా, టీకాల కార్డు తెచ్చారా?" 9 నెలలు నిండగానే ఒక డోసు, 16–24 నెలల మధ్య ఇంకోటి. 2017 ఆగస్టులో 15 ఏళ్లలోపు పిల్లలకు బడుల్లో ఎంఆర్ (తట్టు–రుబెల్లా) టీకా వేసిన సంగతి చాలామంది తల్లులకు గుర్తే. ఆ తర్వాత పుట్టినవాళ్ల కార్డులే ఇప్పుడు చూడాల్సినవి.

చుక్కలకు మందు రాయక్కర్లేదు. తర్వాత నోరు పూసి పుళ్లు పడితే అప్పుడుంటుంది పని. పిల్లాడు పాలు పట్టడు, అన్నం ముట్టడు, రెండు రోజుల్లో నీరసించిపోతాడు. కాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి, వేలికి మెత్తటి గుడ్డ చుట్టి రోజుకు నాలుగుసార్లు నోరు తుడవాలి. పుళ్లకు ఆసుపత్రిలో పలచన చేసి ఇచ్చే జెన్షన్ వయొలెట్ పూయాలి. రొమ్ము పట్టలేని బిడ్డకు పాలు పిండి చెంచాతో పట్టాలి. విటమిన్ ఏ ఇవాళ ఒక డోసు, రేపు ఒకటి డాక్టరు వేయాలి. ఏడాది దాటితే 2 లక్షల యూనిట్లు, 6–11 నెలలవాళ్లకు లక్ష. కళ్లు పోకుండా కాపాడేది అదే.

"అమ్మవారండీ డాక్టరుగారూ, మందులు పడవు. తాలింపు కూడా మానేశాం" అంటారు మామ్మగారు. నేను వాదనకు దిగను. గుమ్మానికి వేపమండ కడితే బయటి పిల్లలు లోపలికి రారు, మంచిదే. నోరు పూసిన బిడ్డకు కారం ఎటూ పడదు. "పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టండి మామ్మగారూ" అంటాను. పస్తు పెడతామంటే మాత్రం ఒప్పుకోను. తట్టులో ప్రాణం తీసేది ఎక్కువగా న్యుమోనియా, విరేచనాలే. ఎగశ్వాస వచ్చినా, మగతగా పడి ఉన్నా, నోట్లో పుండు లోతుగా పడినా, నల్లగుడ్డు మసకబారినా అమ్మవారు దిగేదాకా ఆగకూడదు, ఆ పూటే ఆసుపత్రికి తేవాలి.

వాళ్లను పంపించాక ఏఎన్ఎంకు ఫోన్ చేస్తాను. పరీక్షకు రక్తం తీయించి, వీధిలో ఇంటింటికీ తిరిగి కార్డులు చూసేది ఆవిడే. ఈ వారంలో ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి వెళ్లిన పిల్లలెవరో మాత్రం మామ్మగారినే అడగాలి.