గిల్టు నగను తిప్పి చూడండి

గిల్టు అన్నామంటే సగం చులకన చేసేసినట్టే. పెళ్లిలో ఎవరి మెడలోనైనా హారం కాస్త ఎక్కువ మెరిస్తే ‘చిలకలపూడి బంగారమా?’ అని చెవులు కొరుక్కుంటాం. నేనూ ఆ బాపతే, డెట్రాయిట్‌లో ఉండే మా చెల్లెలు పాతసామాన్ల కొట్టులో కొన్న మిరియం హాస్కెల్ కంపెనీ గిల్టు బ్రోచ్ నా చేతిలో పెట్టేదాకా.

ముందు ముత్యాల గుత్తి. బాగానే ఉంది. ‘‘తిప్పి చూడక్కా’’ అంది. తిప్పాను. తీగల చిక్కుముడి కనబడాల్సిన చోట ఇంకో జాలీ రేకు, జాకెట్టుకి లైనింగు వేసినట్టు! ఎక్కడా జిగురు చుక్క లేదు.

ముత్యాలు కట్టిన జాలీ మన కరీంనగర్ వెండి తీగపని లాంటిది కాదు, అచ్చులో నొక్కిన ఇత్తడి రేకు. ఆ మాట ఒప్పుకోవాలి. పనితనమంతా దాని కన్నాల్లో ఉంది. ఆవగింజంత ముత్యాన్ని సన్నటి తీగకు గుచ్చి, కన్నంలోంచి వెనక్కి లాగి, మెలేసి, పక్క కన్నంలోంచి మళ్లీ పైకి తేవాలి. ఒక్కో పూరేకూ అలా కట్టిందే. మధ్యలో చిన్న లోహపు గిన్నెల్లో కూర్చున్న రాళ్లనీ తీగతోనే బిగించారు. కట్టిన చేతులకు దండం పెట్టాలి! ముత్యాలంటే గాజు పూసలకు చేప పొలుసుల మెరుపు పొరలు పొరలుగా పట్టించినవి. గిల్టు కూడా కళ్లు చెదిరేలా ఉండదు, గుడి నగలా మాగిన పసుపు. దానికి రష్యన్ గోల్డ్ అని పేరు.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పుట్టిన మిరియం 1926లో న్యూయార్క్ మెకాల్పిన్ హోటల్లో గిల్టు నగల కొట్టు తెరిచింది. డిజైన్లు ఫ్రాంక్ హెస్‌వి. అంతకుముందు ఆయన మేసీస్ దుకాణంలో షోకేసులు అలంకరించేవాడంటారు.

గిల్టు నగలకే పేరున్న ఇంకో కంపెనీ ట్రిఫారీ. దాని అభిమానులు నా మీద కత్తులు నూరతారని తెలుసు. ట్రిఫారీ డిజైనర్ ఆల్ఫ్రెడ్ ఫిలిప్ సామాన్యుడు కాడు, అసలు వజ్రాల నగల పని నేర్చి వచ్చినవాడు. 1953లో అమెరికా అధ్యక్షుడిగా ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకార వేడుకకు ఆయన భార్య మేమీ వేసుకున్నది ట్రిఫారీ ముత్యాలే. 1955లో, తమ డిజైన్లు కాపీ కొడుతున్నారని ట్రిఫారీ వేసిన కేసులో, గిల్టు నగకూ కళాకృతిగా కాపీరైటు ఉంటుందని న్యూయార్క్ కోర్టు తేల్చింది. అన్నీ నిజమే. అయినా ఫిలిప్ పని చూస్తే నాకు వజ్రాలు గుర్తొస్తాయి, హెస్ పని చూస్తే పూలతోట గుర్తొస్తుంది. నా ఓటు తోటకే.

ఇప్పుడు చౌకలో వస్తున్నవి చూస్తే ఒళ్లు మండుతుంది. ఒక్క అచ్చులో పోత పోసి, రాయి కింద జిగురు పిండి, పైన పసుపు పూసి ‘వింటేజ్’ అని అమ్మేస్తున్నారు. నాలుగుసార్లు పెట్టుకుంటే రాళ్లు రాలతాయి. అంతకన్నా పాపం, విరిగిన హాస్కెల్ నగ నుంచి పేరున్న బిళ్ల పీకి కొత్త సరుక్కి అతికించడం. 1940ల చివరిదాకా హాస్కెల్ కంపెనీలో తయారైన చాలా నగల మీద పేరే ఉండదు. బిళ్ల కోసం వెతికేవాళ్లు మంచి నగలు వదిలేసి దొంగ నగలు కొంటున్నారు.

కొనేవాళ్లకు నా మనవి ఒక్కటే: పేరు సంగతి తర్వాత, ముందుగా నగ వెనక వైపు చూడండి. కొన్నాక పొడిగుడ్డతో తుడవండి, చాలు. సెంటు కొట్టుకున్నాకే పెట్టుకోండి. కుంకుడు రసం, చింతపండు మాత్రం దగ్గరికి రానివ్వకండి. ముత్యం పొర లేచిందంటే మళ్లీ అతకదు.