ఒకే గ్రంథము, ఇరువురు పాఠకులు: ‘టెక్ బుక్’ బోధనాక్రమ విమర్శ

యంత్రముల వాడుకను తెలుపు పుస్తకములను విమర్శకు యోగ్యములుగా ఎంచుట మనలో అరుదు. కాని కంప్యూటరు వాడువానికి దారి చూపు గ్రంథమును బోధనాగ్రంథమే. పాఠకుని యోగ్యత నెరిగి వ్రాసినదా, కాదా యను ప్రశ్న దానికిని వర్తించును. డొనాల్డ్ క్నూత్ 1984లో ప్రకటించిన ‘టెక్ బుక్’ ఈ దృష్టితో పరిశీలింపదగినది. గణితసూత్రములతో గూడిన గ్రంథములను సొంపుగా అక్షరకూర్పు చేయుటకై ఆయన నిర్మించిన ‘టెక్’ అను సాఫ్ట్‌వేరునకు ఇది వివరణగ్రంథము.

గ్రంథకర్తకు ఎదురైన చిక్కు ప్రతి ఉపాధ్యాయునకు తెలిసినదే. క్రొత్తవానికి చాలినది నేర్పరికి విసుగు. నేర్పరికి వలసినది క్రొత్తవానికి భయము. రెండు పుస్తకములు వ్రాసినచో ఒకదానినుండి రెండవదానికి పోవు దారి తెగును. క్నూత్ ఇరువురను ఒకే గ్రంథమునకు పిలిచెను. ప్రమాదకరమైన మలుపును తెలుపు రహదారి గుర్తును కఠినభాగముల అంచున ముద్రించి, మొదటి పఠనమున వానిని విడిచిపోవచ్చునని చెప్పెను. మరింత గహనమైన చోట్ల ఆ గుర్తు జంటగా కనబడును. బూర్బకీ అను పేరుతో వ్రాసిన ఫ్రెంచి గణితజ్ఞుల గ్రంథములలో ఇది పూర్వమే కలదు. అచ్చట అది పొరబడు చోటును హెచ్చరించినది. ఇచ్చట, విడిచిపోవుట తప్పు కాదని అభయ మొసగుచున్నది.

పీఠికలో మరొక విశేషము కలదు. తొలుత చెప్పు నియమములన్నియు పూర్ణసత్యములు కావనియు, సులభముగా గ్రహించుటకై స్థూలముగా చెప్పినవానిని పిదప సవరింతుననియు క్నూత్ ఒప్పుకొనెను. సంధి నేర్పు గురువు వికల్పములన్నింటిని మొదటినాడే చెప్పడు గదా!

అయినను లోపములు లేకపోలేదు. ఇరువదియేడు అధ్యాయముల గ్రంథమున పాఠకుడు తానై ‘టెక్’ను నడుపుట ఆరవ అధ్యాయమున గాని జరుగదు. ఆ అధ్యాయము మాత్రము ప్రశంసనీయము: చిన్న కథను కూర్పించి, బుద్ధిపూర్వకముగా తప్పులు చేయించి, వానిని దిద్దు విధము చూపును. జాన్ కెరోల్ 1990లో వెలువరించిన ‘న్యూరెంబర్గ్ ఫన్నెల్’ నందు వాదించినదియు ఇట్టిదే. నేర్చువాడు చదువుటకంటె చేయుటకు తొందరపడును. కావున మార్గదర్శి క్లుప్తమై, నిజమైన పనితో ఆరంభమై, తప్పునుండి తేరుకొను ఉపాయమును చూపవలెను. ఇక డ్యుయేన్ బిబీ గీసిన సింహము బొమ్మలు మనోహరములే గాని, అవి ప్రధానముగా అలంకారములు. అలంకారము వేరు, వివరణచిత్రము వేరు.

వీనికంటె లోతైన లోపము ఒకటి కలదు. క్నూత్ గుర్తు క్రొత్తవాడును నేర్పరియు ఒకే నిచ్చెనపై క్రింది, మీది మెట్లవారని భావించుచున్నది. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములందును యానామునందును తరతరములుగా స్థిరపడిన తెలుగిండ్లలో కొన్నిట ఈ భావన నిలువదు. అచ్చట తాతకు లిపి తెలియును, యంత్రము తెలియదు. మనుమనికి యంత్రము తెలియును, లిపి తెలియదు. ఇరువురును నేర్పరులే, ఇరువురును క్రొత్తవారే. తెలుగు టైపు నేర్పు పుస్తకము వీరిలో ఎవరిని ‘విడిచిపొ’మ్మని చెప్పవలెను?

దీనికి సమాధానము చిత్రమే. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ‘క్ష’ వ్రాయుటను మూడు గడులలో చూపవచ్చును: మొదట ‘క’, పిదప పొల్లు చేరగా ‘క్’, తుదకు ‘ష’ చేరగా ‘క్ష’. ప్రతి గడి క్రింద నొక్కవలసిన మీట బొమ్మ. తాత అందు మీటల చోటు నేర్చును. మనుమడు సంయుక్తాక్షరము పుట్టు విధము నేర్చును. ‘సాఫ్ట్వేర్’ అనునది ‘సాఫ్ట్‌వేర్’గా కనబడుటకు పొల్లు తరువాత కంటికి కనబడని విభజకమును చేర్చవలెనను సంగతి ఇరువురకును క్రొత్తది, అదియే జంట గుర్తునకు తగిన చోటు. లిపి విషయమునకు ఒక గుర్తు, యంత్ర విషయమునకు వేరొక గుర్తు ఉన్నచో ఎవరికి తెలిసినది వారు దాటిపోదురు.

‘టెక్ బుక్’ మనకు నేర్పునది పాఠకునిపై గౌరవము. దానిని గ్రహించి, దాని ఒంటి నిచ్చెనను విడువవలెను. తాతయు మనుమడును ఒకే పుటకు ఇరువైపుల కూర్చుండి పరస్పరము గురువులగునట్టి పుస్తకము వచ్చిననాడు, ఆ యింటి తెలుగు మాటగానే మిగిలిపోక వ్రాతగాను నిలుచును.