ఒత్తిడి పట్టికలో వెలి ఎక్కడ?

మనిషికి మతి ఎందుకు చెదురుతుంది? గాలి సోకిందని, చేతబడి చేశారని, పూర్వజన్మ కర్మ అని మన ఊళ్లలో చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆస్పత్రుల్లో, యూనివర్సిటీల్లో చెప్పే జవాబు వేరు. పుట్టుకతో వచ్చే బలహీనత కొంత, బతుకులో పడే ఒత్తిడి కొంత, రెండూ కలిసి ఒక హద్దు దాటితే జబ్బు బయటపడుతుందంటారు. 1977లో అమెరికాలో జుబిన్, స్ప్రింగ్ అనే పరిశోధకులు ఈ మాటని సిద్ధాంతంగా నిలబెట్టారు. కర్మ సిద్ధాంతం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు. తప్పు రోగి మీద వెయ్యదు. పైగా ఇందులో ‘బతుకు’ అనే మాట ఉంది. ఈ దేశంలో బతుకు అనే మాటొస్తే కులం రావాలి. మరి వచ్చిందా? ఈ వ్యాసం అడిగేది అదొక్కటే.

ముందు జబ్బు సంగతి. సైకోసిస్ అంటే ఎదుట లేని గొంతులు వినపడటం, అందరూ కలిసి తన మీద కుట్ర పన్నారని గట్టిగా నమ్మటం, మాటకీ మాటకీ పొంతన తెగిపోవటం. స్కిజోఫ్రీనియా ఈ కోవలోదే. చాలామందిలో ఇది యవ్వనంలో మొదలవుతుంది. అంటే పల్లె వదిలి హాస్టల్‌కి చేరే వయసు, మొదటి ఉద్యోగం కోసం తిరిగే వయసు. మొదటి లక్షణం కనపడిన రోజు నించి మొదటి వైద్యం అందిన రోజు దాకా ఎంత ఆలస్యమైతే కోలుకోవటం అంత కష్టమవుతుందని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. అందుకే గత ముప్ఫై ఏళ్లుగా పరిశోధకుల చూపు తొలి దశ మీదికి మళ్లింది.

తొలి దశలో వాళ్లు వెతికేవాటిలో ఒత్తిడి ముఖ్యమైంది. ఆపద ఎదురైతే మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, అది మూత్రపిండాల మీదుండే ఎడ్రినల్ గ్రంథులకి కబురు పంపుతుంది. కార్టిసాల్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. ఆపద పోతే అది తగ్గాలి. ఆపద పోకపోతే? 1997లో వాకర్, డిఫోరియో అనే పరిశోధకులు ఈ కార్టిసాల్ వ్యవస్థకీ, సైకోసిస్‌తో ముడిపడ్డ డోపమైన్ అనే రసాయనానికీ లంకె చూపించారు. పొద్దున నిద్ర లేవగానే ఆరోగ్యవంతుల ఒంట్లో కార్టిసాల్ ఒక్కసారి పెరుగుతుంది. మొదటిసారి సైకోసిస్ వచ్చినవాళ్లలో ఆ పెరుగుదల మందగించి ఉందని 2010లో లండన్ పరిశోధకులు రాశారు. ఒత్తిడి అనేది ఊహ కాదు, ఒంట్లో కొలవదగ్గ పదార్థమని తేలింది. ఇంతవరకూ మనకి పేచీ లేదు.

పేచీ రెండో కొలత దగ్గర. ఒంట్లో ఒత్తిడిని కొలవటానికి లాలాజలం చాలు. బయటి బతుకులో ఒత్తిడిని దేంతో కొలుస్తారు? ప్రశ్నల పట్టికతో. 1967లో అమెరికాలో హోమ్స్, రాహే 43 సంఘటనలతో ఒక పట్టిక చేసి ఒక్కోదానికి ఇన్ని మార్కులని వేశారు. మరుసటి ఏడాది లండన్‌లో బ్రౌన్, బిర్లీ ఇంకో పద్ధతిలో సంఘటనల్ని ఆరా తీసి, స్కిజోఫ్రీనియా బయటపడే ముందు 3 వారాల్లో అలాంటి సంఘటనలు ఎక్కువగా కనపడ్డాయని చెప్పారు. మన దేశానికి తగ్గ పట్టిక కావాలని 1984లో గురుమీత్ సింగ్, ఆయన సహచరులు 51 సంఘటనలతో ఒకటి తయారుచేశారు. మన మనోవైద్య పరిశోధనల్లో దీన్ని ఇప్పటికీ విరివిగా వాడుతున్నారు.

ఆ పట్టికని ఒక్కసారి చదవండి. జీవిత భాగస్వామి మరణం, 95 మార్కులు. జైలు పాలవటం, 72. పంట లేదా ఆస్తి నష్టం, 61. జోస్యుడు చెప్పిన మాటకి కూడా చోటుంది, 52. కొడుకు లేకపోవటం 51. పెంపుడు జంతువు చనిపోతే 44. పొరుగువాళ్లతో తగాదా అయితే 40. విహారయాత్రకో తీర్థయాత్రకో వెళితే 20. కట్నం గొడవ ఉంది, కూతురి పెళ్లి ఉంది. ఇవి భారతీయ జీవితాన్ని దగ్గరగా చూసినవాళ్లు రాసినవే. కాదనం. కానీ 51లో ఎక్కడా కులం లేదు. అంటరానితనం లేదు. కులం పేరుతో తిట్టటం లేదు. అద్దె ఇల్లు అడిగితే ‘మీరేమిట్లు?’ అనటం లేదు. సాంఘిక బహిష్కరణ లేదు.

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. దానికి ముందు ఆ ఊరి దళితుల్ని వెలేశారు, పనుల్లోకి పిలవలేదు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఈ 23 ఏళ్లు అక్కడి తల్లులు మోసిన బరువుని ఈ పట్టికలో ఏ గడిలో పెడతారు? దగ్గరి మనిషి మరణానికి గడి ఉంది. మరి వెలికి? పట్టిక ప్రకారం పోతే ‘పొరుగువాళ్లతో తగాదా’లో రాయాలి. అంటే పెంపుడు కుక్క చావు కన్నా 4 మార్కులు తక్కువ.

ఇది ఎవరి దుర్మార్గమో అనటం లేదు. ఎవరి బతుకుని మామూలు బతుకుగా తీసుకున్నారన్నదే ప్రశ్న. సంఘటన అంటే ఏమిటి? ప్రశాంతంగా సాగే బతుకులో హఠాత్తుగా వచ్చే మార్పు. ఏడాదిలో ఎన్ని మార్పులు వచ్చాయో కూడితే ఒత్తిడి తేలుతుందని లెక్క. కులం మార్పు కాదు. అది రోజూ ఉండేది. టీ కొట్టులో వేరు గ్లాసు నిన్నా ఉంది, ఇవాళా ఉంది. హాజరు పట్టీలో పేరు పక్కన రిజర్వేషన్ గుర్తు మొదటి రోజు నించీ ఉంది. రోజూ జరిగేది సంఘటన కాదు గనక దానికి సున్నా మార్కులు. అంచేత ఎంత ఎక్కువగా అణచబడితే కాగితం మీద అంత తక్కువ ఒత్తిడి కనపడుతుంది! శాస్త్రానికి ఈ సంగతి తెలియక కాదు. ఎడతెగని బరువు ఒంటిని అరగదీస్తుందని 1993లోనే మెక్‌యువెన్, స్టెల్లార్ సూత్రీకరించారు. ఆ సూత్రం ప్రయోగశాలకి వచ్చింది గానీ మన కేసు షీటుకి రాలేదు.

వేరే దేశాల్లో వచ్చిందా? కొంత వచ్చింది. ఊరికే రాలేదు. బ్రిటన్‌లో నల్లవాళ్లకి స్కిజోఫ్రీనియా ఎక్కువన్న మాట దశాబ్దాలుగా ఉంది. నల్ల రక్తంలోనే ఏదో ఉందన్న అనుమానం కొందరిది, తెల్ల డాక్టర్లు తప్పుగా ముద్ర వేస్తున్నారన్న ఆరోపణ ఇంకొందరిది. అప్పుడు లెక్కలు తీశారు. లండన్, నాటింగ్‌హామ్, బ్రిస్టల్‌లలో 1997 నించి 1999 దాకా జరిపిన ఈసాప్ అధ్యయనం, అక్కడి ఆఫ్రికన్-కరీబియన్లలో స్కిజోఫ్రీనియా కొత్త కేసుల రేటు తెల్లవాళ్ల కన్నా దాదాపు 9 రెట్లని 2006లో చెప్పింది. కానీ వాళ్ల పూర్వీకులు వచ్చిన జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్‌లలో అంత రేటు లేదని 1990ల్లోనే తేలింది. రక్తంలో ఉంటే అక్కడా ఉండాలి కదా! 2001లో దక్షిణ లండన్ నించి వచ్చిన ఇంకో లెక్క మనకి మరీ ముఖ్యం. ఒక పేటలో నల్లవాళ్లు, ఇతర మైనారిటీలు ఎంత తక్కువ శాతం ఉంటే వాళ్లలో జబ్బు రేటు అంత ఎక్కువ. అంటే నలుగురి మధ్య ఒంటరిగా నిలబడటమే ప్రమాదం.

ఈ మాట చదివితే మనకి గుర్తొచ్చేదేంటి? నలభై మంది క్లాసులో ఒకే ఒక్క మాదిగ కుర్రాడు. ల్యాబ్‌లో ఒకే ఒక్క మాల అమ్మాయి. లండన్ లెక్కని యథాతథంగా మన హాస్టళ్లకి అంటించలేం. కానీ అక్కడ అడిగిన ప్రశ్నని ఇక్కడ అడగొచ్చు, అడగాలి.

2005లో సెల్టెన్, కాంటర్-గ్రేయే ఈ లెక్కలన్నిటికీ ఒక పేరు పెట్టారు: సామాజిక ఓటమి. బయటివాడిగా, కిందివాడిగా దీర్ఘకాలం బతకటం డోపమైన్ వ్యవస్థని చెదరగొడుతుందని వాళ్ల వాదన. దీనికి జంతువుల మీద చేసిన ప్రయోగాల నించి ఆధారం తెచ్చారు. ఒక మగ ఎలుక ఉండే బోనులోకి ఇంకో మగ ఎలుకని వదులుతారు. బోనులోది కొత్తదాన్ని కరిచి లొంగదీస్తుంది. ఓడిన ఎలుక మెదడుని కోసి చూస్తారు. వాదన విలువైందే, మనకి పనికొచ్చేదే. కానీ రెండు ప్రశ్నలున్నాయి. గెలిచిన ఎలుక సంగతేంటి? బోను కట్టినవాడి సంగతేంటి? కొలతలన్నీ ఓడినవాడి లాలాజలంలోనే తీస్తే జబ్బు వాడిదే అయిపోతుంది. రెండోది, అవమానపడ్డవాళ్లంతా ఓడినవాళ్లు కారు. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగినవాళ్ల మీద దాడి చేసి కొట్టారు. వాళ్లది ఓటమా? నలుగురితో కలిసి తిరగబడ్డ మనిషికీ, ఒంటరిగా భరించిన మనిషికీ ఒంట్లో తేడా ఉంటుందా? ఈ పరిశోధన జరగాలంటే ఉద్యమం కూడా ఒక అంశంగా పట్టికలోకి రావాలి.

ఇక్కడొక భయం ఉంది, దాన్ని దాచకూడదు. కులాన్ని పట్టికలో పెట్టండని మనం అడిగితే, రేపు ‘దళితులకి పిచ్చి ఎక్కువ’ అని ఆ అంకెనే మన మొహాన కొట్టరా? కొట్టిన చరిత్ర ఉంది. 1851లో అమెరికాలో కార్ట్‌రైట్ అనే డాక్టరు, బానిసలు పారిపోవటాన్ని ఒక మనోవ్యాధిగా రాసి దానికి పేరు కూడా పెట్టాడు. 1968లో నల్లవాళ్ల పోరాటాలు ఉధృతంగా ఉన్నప్పుడు బ్రాంబర్గ్, సైమన్ అనే ఇద్దరు మనోవైద్యులు ‘నిరసన సైకోసిస్’ అని వ్యాసం రాశారు. మిషిగన్‌లోని అయోనియా ఆస్పత్రి రికార్డులు తిరగేసి, స్కిజోఫ్రీనియా అనే ముద్ర ఆ కాలంలో తెల్ల గృహిణుల మీద నించి కోపంగా ఉన్న నల్ల మగవాళ్ల మీదికి ఎలా మళ్లిందో మెట్జెల్ 2009లో పుస్తకం రాశాడు. అంచేత ఈ భయం వట్టి భయం కాదు.

మన దగ్గర ఈ ప్రశ్న ఎలా వస్తుందో చూడండి. ‘నన్ను కావాలనే ఫెయిల్ చేస్తున్నారు, నేను రాగానే మాటలు ఆపేస్తున్నారు’ అని ఒక విద్యార్థి డాక్టరుకి చెప్తాడు. ఇది భ్రమా, నిజమా? రెండూ కావచ్చు. నిజమైన వివక్ష మీదే భ్రమ మొలకెత్తొచ్చు కూడా. తేల్చాలంటే డాక్టరుకి మందులు తెలిస్తే చాలదు, క్లాసు తెలియాలి. దేశంలోనే పెద్ద వైద్య విద్యాలయమైన ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీద వివక్ష ఉందని థోరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. పాఠాల దగ్గరా, పరీక్షల దగ్గరా, హాస్టల్ గదుల దగ్గరా వాళ్లు పడ్డది నమోదు చేసింది. తన పక్క గదిలో జరిగేది చూడకుండా డాక్టరైనవాడు, రేపు ఆ విద్యార్థి మాటని విని ‘అనుమానపు జబ్బు’ అని రాయడని ఎవరు హామీ?

కొలవకపోతే ఈ హామీ అసలే రాదు. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో హాఫ్, పాండే అనే పరిశోధకులు బడిపిల్లల చేత చిక్కుదారుల పజిల్స్ చేయించి 2006లో ఫలితాలు అచ్చువేశారు. కులం చెప్పనప్పుడు అందరూ ఒకేలా చేశారు. నలుగురిలో కులం చదివి వినిపించాక కింది కులాల పిల్లలు వెనకబడ్డారు. పిల్లలు వాళ్లే, పజిల్స్ అవే. గుప్తా, కాఫీ అనే ఇద్దరు 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వే వివరాలు పరిశీలించి, చదువూ ఆస్తీ లెక్కలోకి తీసుకున్నా దళితుల్లో దిగులు, ఆందోళన పైకులాల కన్నా ఎక్కువే అని చూపారు. అవి సైకోసిస్ లెక్కలు కావు, నిజమే. కానీ దారి ఉందని చూపించాయి. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన వాడల సంగతి ఆ సర్వేకీ తెలీదు.

మనవైపు కూడా ఒక మాట. మన ఉద్యమాల్లో, మన సాహిత్యంలో ‘పిచ్చి’ ఇంకా తిట్టుగానే ఉంది. ‘ఎర్రగడ్డకి పంపాలి’ అని ప్రత్యర్థిని ఎగతాళి చేస్తాం. లేదా, జబ్బంతా కులం వల్లే, కులం పోతే అదే పోతుందంటాం. రెండూ రోగికి అన్యాయమే. ఈ జబ్బు అన్ని కులాల్లోనూ ఉంది. వంశం పాత్ర ఉంది, మందులకి పాత్ర ఉంది. గొంతులు వినపడుతున్న పిల్లవాడికి ముందు కావాల్సింది సిద్ధాంతం కాదు, తొందరగా వైద్యం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన రోగులు మంటల్లో తప్పించుకోలేక చచ్చిపోయారు. ఆ గొలుసులు మొక్కుల పేరుతో వేసినవి. మన ఇళ్లలో మంచం కోడుకి కట్టే తాడు కూడా అలాంటిదే.

కాబట్టి చెయ్యాల్సింది కనపడుతూనే ఉంది. ఒత్తిడి మీద జరిగే ప్రతి పరిశోధనా కులాన్ని అడగాలి. రోగి కులం ఒక్కటే కాదు, అతని మీద జరిగిన వివక్షని అడగాలి, అతను చదివే క్లాసులో, బతికే వీధిలో ఎవరెంతమంది ఉన్నారో అడగాలి. ఆ ప్రశ్నలు రాసేచోట దళిత పరిశోధకులుండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, వైద్యంలో కులం పేరుతో వివక్ష కూడదని రాసింది. సామాజిక స్థాయిని బట్టి, చుట్టూ ఉన్న సమాజపు విలువలకి లొంగలేదన్న కారణంతో ఎవరికీ మనోవ్యాధి ముద్ర వెయ్యకూడదని కూడా రాసింది. ఆ సెక్షన్లు హాస్టల్ గోడ మీద తెలుగులో ఉండాలి. టీచర్లు, విద్యార్థి సంఘాల వాళ్లు తొలి లక్షణాలు తెలుసుకోవాలి. మాట్లాడటం మానేసి గది తలుపేసుకున్న కుర్రాణ్ణి మొదట చూసేది డాక్టరు కాదు, పక్క మంచం వాడు.

51 సంఘటనల పట్టికకి 52వది చేర్చమని ప్రాధేయపడటం మన పని కాదు. అసలు ఎవరి ప్రశాంతతని కొలబద్దగా పెట్టుకుని మా ఒత్తిడిని కొలుస్తున్నారని అడగటం మన పని. ఈ ప్రశ్న మనోవైద్యం చదువుతున్న మన పిల్లలు వాళ్ల క్లాసుల్లో లేవదీయాలి.