ప్రాయశ్చిత్తం ఎవరు చేయాలి? హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో ‘సంపూర్ణత’

1. పరిచయం

కొన్నేళ్ల కిందట ఒక సంపర్క తరగతిలో మత గ్రంథాలను సాహిత్యంగా చదవడం గురించి పాఠం చెప్పాను. పాఠం అయ్యాక ఒక విద్యార్థిని లేచి ఇలా అడిగింది: “మా నాయనమ్మ నలభై ఏళ్లు చర్చికి వెళ్లింది సార్. యేసు తన పాపాలన్నీ మోశాడని పాడేది. చివరి రోజుల్లో మాత్రం ‘నా పాపాలు పోయాయంటావా?’ అని కనిపించిన వాళ్లందరినీ అడిగేది. అంతా పూర్తయిందని నమ్మిన మనిషికి ఆ భయం ఎందుకండీ?” ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ పాఠ్యభాగం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

క్రైస్తవంలో పాపపరిహారం ‘సంపూర్ణం’ అనే భావనను కొత్త నిబంధనలో అన్నిటికన్నా విస్తారంగా వాదించిన రచన హెబ్రీయులకు వ్రాసిన పత్రిక. 13 అధ్యాయాల ఈ రచనలో రచయిత పేరు ఎక్కడా లేదు. పౌలు రాశాడని చాలాకాలం నమ్మారు. 3వ శతాబ్దపు పండితుడు ఓరిజెన్ మాత్రం దీన్ని ఎవరు రాశారో దేవుడికే తెలియాలన్నాడు. ఇది ప్రసంగంలా మొదలై ఉత్తరంలా ముగుస్తుంది. ఇందులోని విశ్వాసం సత్యమా కాదా అన్నది ఇక్కడ మన విషయం కాదు. సంపూర్ణత అనే మాటను పత్రిక ఎలా నిలబెట్టింది, ఆ వాదనలో బలమెంత, బలహీనత ఎక్కడ అన్నవే పరిశీలిద్దాం.

2. మాట ఒకటే, కర్త వేరు

ముందుగా తెలుగు పాఠకుడికి ఎదురయ్యే చిక్కు ఒకటి చూద్దాం. ‘ప్రాయశ్చిత్తం’ అనే మాట మనకు ధర్మశాస్త్రాల నుంచి వచ్చింది. యాజ్ఞవల్క్య స్మృతిలోని మూడు అధ్యాయాల్లో చివరిది ప్రాయశ్చిత్తాధ్యాయమే. మనుస్మృతి 11వ అధ్యాయంలోనూ ఈ విషయం విస్తారంగా ఉంది. చంద్రకళలను బట్టి భోజనంలో కబళాలు పెంచుతూ తగ్గిస్తూ ఆచరించే చాంద్రాయణం వంటి వ్రతాలు ఇందులోవే. తప్పు ఎంతో శిక్షణ అంత, చేసినవాడే ఆచరించాలి. వాడుకలో కూడా “చేసినదానికి ప్రాయశ్చిత్తం చేసుకో” అంటాం. ‘చేసుకో’ అనడంలోనే కర్త ఎవరో ఉంది.

బైబిలు అనువాదకులు ఇదే మాటను తీసుకున్నారు. అయితే లేవీయకాండము 16వ అధ్యాయంలోని ప్రాయశ్చిత్త దినాన కర్త మారిపోతాడు. ఏడవ నెల పదవ రోజున ప్రధాన యాజకుడు ముందు తన కోసం కోడెను, తరువాత ప్రజల కోసం మేకను బలి ఇస్తాడు. ఆ రక్తంతో అతిపరిశుద్ధ స్థలంలోకి వెళతాడు. రెండో మేక తలమీద చేతులుంచి ప్రజల పాపాలు ఒప్పుకొని దాన్ని అరణ్యంలోకి పంపుతాడు. ఆ రోజు ప్రజలు పనులు మానుకొని తమను తాము దుఃఖపరచుకోవాలి. కాని పరిహార క్రియ జరిపేది వాళ్లు కాదు, వాళ్ల పక్షాన మరొకరు. హెబ్రీ పత్రిక ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. యాజకుడూ క్రీస్తే, బలీ క్రీస్తే అంటుంది.

అందువల్ల తెలుగు క్రైస్తవుడి చెవిలో ఈ మాట రెండు అర్థాలతో మోగే అవకాశం ఉంది. సిద్ధాంతం “నీ పక్షాన జరిగిపోయింది” అంటుంది. పాత అలవాటు “నువ్వు చేసుకోవలసింది ఇంకా మిగిలి ఉంది” అంటుంది. ఆ నాయనమ్మ భయంలో కొంత భాగం ఈ మాటలోనే ఉండవచ్చునని నాకు అనిపిస్తుంది. అనువాదకుల్ని తప్పుపట్టనక్కరలేదు. ఇంతకన్నా దగ్గరి మాట వాళ్లకు దొరకడం కష్టం. కాని మాటతోపాటు దాని చరిత్ర కూడా వస్తుందని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

3. నిలబడినవాడు, కూర్చున్నవాడు

పత్రిక వాదనలో అతి బలమైన చిత్రం 10వ అధ్యాయంలో ఉంది. పాత యాజకుడు ప్రతిదినం నిలబడి అవే బలులు మళ్లీ మళ్లీ అర్పిస్తాడు. క్రీస్తు ఒక్క బలి అర్పించి కూర్చున్నాడు. ప్రత్యక్ష గుడారపు సామగ్రిలో బల్ల, దీపస్తంభం, ధూపవేదిక, మందసం ఉన్నాయి. యాజకుడు కూర్చోవడానికి ఆసనం మాత్రం లేదు. పని ముగియని చోట కూర్చోవడం ఉండదు. పొలంలో నాటు వేసేవాళ్లను చూసినవారికి ఈ పోలిక వెంటనే అర్థమవుతుంది. ‘కూర్చున్నాడు’ అన్న ఒక్క క్రియతో రచయిత ‘పూర్తయింది’ అనే భావం కళ్లకు కట్టించాడు. ‘ఒక్కసారే’ అనే అర్థంగల గ్రీకు పదం ‘ఎఫాపాక్స్’ 7, 9, 10 అధ్యాయాల్లో తిరిగి తిరిగి రావడం కూడా ఇందుకే.

మరి పూర్తయిందేమిటి? పాత బలులు మనస్సాక్షిని శుద్ధి చేయలేకపోయాయన్నది రచయిత ఫిర్యాదు. ఏటేటా జరిగే బలి పాపాన్ని తీసివేయడానికి బదులు దాన్ని ఏటేటా గుర్తు చేస్తుందంటాడు. ఇది చాలా సూక్ష్మమైన పరిశీలన. కాబట్టి అతని దృష్టిలో సంపూర్ణతకు కొలత ఒకటే: మనిషి భయం లేకుండా దేవుని దగ్గరకు రాగలగాలి.

4. ఒకే వాక్యంలో రెండు దశలు

10వ అధ్యాయం 14వ వచనాన్ని వ్యాకరణ దృష్టితో చూడండి. ఒక్క అర్పణతో క్రీస్తు కొందరిని సంపూర్ణుల్ని చేశాడన్నచోట గ్రీకు క్రియ ముగిసిన పనిని, నిలిచి ఉన్న ఫలితాన్ని చెబుతుంది; మన ‘చేసియున్నాడు’ వంటిది. అయితే ఆ కొందరిని వర్ణించిన పదం ఇంకా జరుగుతున్న పనిని సూచిస్తుంది. వాళ్లు పరిశుద్ధులవుతూ ఉన్నవారు. అంటే పరిహారం ముగిసింది, మనిషి మారడం ముగియలేదు. ఈ రెండింటినీ కలిపేస్తే ఇబ్బంది వస్తుంది. తనలో ఇంకా లోపాలు కనిపిస్తున్నాయి కాబట్టి పరిహారమే పూర్తికాలేదని మనిషి అనుకుంటాడు.

తరువాతి శతాబ్దాల వివాదాలు చాలావరకు ఈ సరిహద్దు దగ్గరే జరిగాయి. 1098లో ముగించిన గ్రంథంలో ఆన్‌సెల్మ్ పాపాన్ని దేవుని ఘనతకు జరిగిన లోటుగా చూసి, దాన్ని పూడ్చడమే పరిహారమన్నాడు. 16వ శతాబ్దంలో సంస్కర్తలు పూజను బలి అనడం ‘ఒక్కసారే’ అన్న మాటకు విరుద్ధమన్నారు. 1562లో ట్రెంట్ సభ పూజలో ఉన్నది మరో బలి కాదనీ, సిలువ మీది బలే రక్తరహితంగా సమర్పితమవుతుందనీ జవాబిచ్చింది. ఒక్కసారే అన్నదాన్ని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. అది నేటి మనిషికి ఎలా అందుతుందన్న దగ్గర విడిపోయాయి.

5. పత్రికలోని బిగువు

ఈ రచనను మెచ్చుకుంటూనే విమర్శకుడు రెండు విషయాలు చెప్పక తప్పదు. మొదటిది, సంపూర్ణతను ఇంత గట్టిగా చెప్పిన రచయితే 6, 10 అధ్యాయాల్లో తొలగిపోయినవారికి దారి లేదన్నట్టు హెచ్చరిస్తాడు. 12వ అధ్యాయంలో కన్నీళ్లతో వెతికినా దొరకని ఏశావును చూపిస్తాడు. ఆ మాటలు మంచం మీదున్న ముసలమ్మ చెవిన పడితే ఆమె ఏమైపోవాలి? హింసకు, ఆస్తినష్టానికి గురై, అలసి, విశ్వాసాన్ని వదిలేయాలనుకుంటున్న సంఘాన్ని ఉద్దేశించి రాసినవని సందర్భం చెబుతుంది. వెంటనే మీ విషయంలో మాకు మంచి నమ్మకమే ఉందని ఊరడింపూ ఉంది. అయినా వదిలేసినవాడికీ భయపడినవాడికీ మధ్య గీత పత్రికలో స్పష్టంగా లేదు. దీన్ని లోపంగానే నేను భావిస్తున్నాను.

రెండోది, పాత వ్యవస్థను ‘నీడ’ అన్న వాదన తరువాతి కాలంలో యూదులను చులకన చేయడానికి ఉపయోగపడింది. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలాక యూదమతం ప్రార్థన, పశ్చాత్తాపం, దానం ఆధారంగా నిలిచింది. ప్రాయశ్చిత్త దినం నేటికీ వారికి సజీవమైన పండుగే.

6. ముగింపు

చివరి అధ్యాయంలో రచయిత ‘బలి’ అనే మాటను మళ్లీ వాడతాడు. ఈసారి రక్తం లేదు. స్తుతి ఒక బలి, మేలు చేయడం, ఉన్నది పంచుకోవడం దేవునికి ఇష్టమైన బలులు అంటాడు. అప్పు తీర్చడానికి చేసే పని ముగిసింది. అప్పు తీరిన మనిషి చేసే పని మొదలైంది. నా దృష్టిలో పత్రిక సంపూర్ణతకు ఇచ్చిన ఉత్తమ వివరణ ఇదే.

ఆ విద్యార్థినికి ఇప్పుడైతే ఇలా చెబుతాను: “అమ్మా, మీ నాయనమ్మ అడిగింది అవిశ్వాసంతో కాదు. ఆమె తనలో మిగిలిన లోపాన్ని చూసుకొని అడిగింది. ఈ పత్రిక కూర్చున్నవాణ్ణి చూడమంటుంది. కూర్చున్నా ఆయన ఊరుకోలేదనీ, తన దగ్గరకు వచ్చేవారి కోసం ఇంకా విజ్ఞాపన చేస్తున్నాడనీ 7వ అధ్యాయంలో ఉంది. ఆమె పక్కన కూర్చొని అది చదివి వినిపించి ఉంటే బాగుండేది.”

ఆలోచించండి

1. ‘ప్రాయశ్చిత్తం’ అనే మాటలో కర్త మారడం వల్ల అర్థం ఎలా మారిందో మీ మాటల్లో వివరించండి.
2. సంపూర్ణతను గురించిన వాదన, 6వ అధ్యాయంలోని హెచ్చరిక పరస్పర విరుద్ధాలా? పత్రికను చదివి మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.