వాచ్యమే దిక్కైన దాంపత్యం

మన ఇండ్లలో బియ్యం అయిపోవు, నిండుకొంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గడప దాటేవాడు వెళ్తానని అనరాదు, వెళ్ళివస్తాననే అనాలి. ఉగ్గుపాలతో అబ్బిన నుడికారం గనుక ఇందులో తలక్రిందులైన అర్థం ఉన్నదని మనకు స్ఫురించనే స్ఫురించదు. పలికిన మాటను పలికినట్లే గ్రహించే స్వభావం గలవాడొకడు ఇట్టి ఇంటికి అల్లుడై వచ్చినాడనుకొందాం. బియ్యం నిండుకొన్నవని భార్య చెప్పగా విని, సంతోషించి, అతడు మరల పుస్తకంలో తల దూర్చితే ఆ తప్పు ఎవరిది?

ఇది హాస్యానికి చెప్పిన మాట. జాతీయాలను నిఘంటువులో పదాలవలె నేర్చుకోవచ్చు; ఆటిజం గలవారు చాలామంది అట్లే నేర్చుకొంటారు కూడా. అసలు చిక్కు నిఘంటువు లేని చోట వస్తుంది. సాయంవేళ భార్య “చీకటి పడిందే!” అంటుంది. దీపం వేయమనటమా, ఆలస్యమైనదని నిష్ఠూరమా, పగలంతా ఒంటరిగా గడిపితినన్న నివేదనమా? భర్త గడియారం చూచి “అవును, ఆరున్నర అయింది” అంటాడు. అతడు పలికినది సత్యమే. ఆమె కండ్లనీళ్ళతో వంటింటిలోకి పోవటమూ సత్యమే.

ఆలంకారికులకు ఈ ఘట్టం పరిచితమైనదే. సూర్యుడస్తమించినాడన్న ఒక్క మాట రాజునకు దండయాత్రకు అదనుగా, గోపాలకునకు ఆలను మళ్ళించే వేళగా, అభిసారికకు సంకేత సమయంగా తోచునని మమ్మటుడు విస్తరించి చూపినాడు. తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యాత్మగా ప్రతిష్ఠించిన నాటి నుండి వ్యంగ్యము ప్రధానమైనదే మనకు ఉత్తమ కావ్యం. వ్యంగ్యస్పర్శ లేనిది అధమం. కావ్యవిషయంలో ఈ తీర్పుతో నాకు పేచీ లేదు. కాపురానికి కూడ అదే తరతమభేదాన్ని తెచ్చిపెట్టినామని మాత్రం నా అనుమానం. అడగకుండానే తెలుసుకొన్నవాడే అనురాగవంతుడనీ, అడిగించుకొన్నవాడు మోటువాడనీ మన కథలు తరతరాలుగా చెప్పుతూ వచ్చినవి.

ఆటిజమును 1943లో లియో కానర్, 1944లో హాన్స్ ఆస్పర్గర్ పిల్లలలో వర్ణించినారు. ఆ పిల్లలు పెద్దవారై పెండ్లి చేసుకొంటారన్న సంగతి శాస్త్రానికి చాల ఆలస్యంగా పట్టింది. సాహిత్యానికి ఇంకా ఆలస్యంగా. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీనిని పేర్కొన్నది. ఇది శీలలోపం కాదు, ప్రేమలేమి అంతకన్న కాదు.

ఈ వస్తువును మన దేశంలో విశాల ప్రజానీకం ముందుకు తెచ్చినది ఒక చలనచిత్రం: 2010లో కరణ్ జోహార్ తీసిన ‘మై నేమ్ ఈజ్ ఖాన్’. అమెరికాలో స్థిరపడిన రిజ్వాన్, మందిర దంపతులు. రిజ్వాన్‌కు ఆస్పర్గర్ లక్షణం ఉన్నది. 2001 సెప్టెంబరు సంఘటనల తరువాత చెలరేగిన ద్వేషానికి మందిర కొడుకు బలి అవుతాడు. పుత్రశోకంలో ఆమె భర్తను వెళ్ళిపొమ్మంటుంది. మరల ఎప్పుడు రావాలని అతడు అడుగుతాడు. తన పేరు ఖాన్ అనీ, తాను ఉగ్రవాదిని కాననీ ఈ దేశాధ్యక్షునితో చెప్పి అప్పుడు రమ్మంటుంది ఆమె. ఆ మాట శోకంతో వెలువడిన ఆక్రోశం. అతడు దానిని విధివాక్యంగా స్వీకరించి బయలుదేరుతాడు. కథ యావత్తూ ఈ ఒక్క మాటకు వాచ్యార్థం పట్టుకొని నడచిన ప్రయాణమే. ఎంత గొప్ప బీజం! కాని చిత్రం దానిని నిలుపుకొనలేకపోయింది. నాయకుడు క్రమంగా మహాత్ముడవుతాడు. దేశమంతా మెచ్చుకొన్న తరువాత భార్య దగ్గరకు వస్తుంది. వీరిరువురు ఒక గదిలో కూర్చుండి, నా మాటకు అర్థమిది, నీ మౌనానికి అర్థమేమి, అని విచారించుకొన్న ఘట్టం నాకు జ్ఞాపకం లేదు. బాహ్యవిజయం గృహకలహానికి పరిష్కారమని చెప్పటం పురాణానికి చెల్లునేమో, సంసారకథకు చెల్లదు.

ఇంతకంటె నిజాయితీ గల రచన అమెరికను ఇంజనీరు డేవిడ్ ఫించ్ 2012లో ప్రకటించిన స్వీయచరిత్ర, ‘ది జర్నల్ ఆఫ్ బెస్ట్ ప్రాక్టీసెస్’. వివాహమైన ఐదేండ్లకు, బీటలువారుతున్న కాపురంలో, అతనికి ఆస్పర్గర్ లక్షణమున్నట్లు మొదట గుర్తించినది భార్య క్రిస్టెన్. ఆమె వృత్తి వాక్చికిత్స. అట్టి పిల్లలతో పనిచేసిన అనుభవమున్నది. ఒక సాయంకాలం సుదీర్ఘమైన ప్రశ్నావళి ముందు పెట్టుకొని అతనిని అడుగుతుంది. తన్ను గూర్చి తనకే తెలియని జాబితా ఇతరుల వద్ద సిద్ధంగా ఉండటం చూచి అతడు ఆశ్చర్యపడతాడు, అంతకు మించి ఊరట పొందుతాడు. అది మొదలు మంచి భర్త కావటానికి నియమాలు వ్రాసుకోసాగినాడు. ఉతికిన బట్టలలో తనకు కావలసినది మాత్రం లాగుకొనిపోక మడచి పెట్టాలి. ఆమె రేడియోతో గొంతు కలిపి పాడుతున్నప్పుడు స్టేషను మార్చరాదు. చదివి నవ్వుకొంటాము. కాని ఆ బట్టల ప్రకరణం దగ్గర నేను నవ్వు ఆపుకొన్నాను. భార్య బట్టలు మడవటమన్నది లోకంలో వేలమంది భర్తల కంటికి ఆనని పని. వారికే లక్షణమూ అంటగట్టము. ఇతడు మాత్రం దానిని గ్రహించి వ్రాసి పెట్టుకోవలసి వచ్చింది.

గ్రంథంలోని లోపమూ ఇక్కడే ఉన్నది. నియమాలన్నీ అతడే అల్లుకొన్నాడు. సరిదిద్దవలసిన వ్యాకరణం తనదొక్కటే అన్న నమ్మకం పేజీపేజీలో కనిపిస్తుంది. చివరకు ప్రతిదానినీ నియమం చేయరాదన్న నియమానికి వచ్చి డైరీని వదలుతాడు గాని, ఆమె మార్చుకొన్నదేమి, ఆమె నేర్చుకొన్న భాష ఏది, అన్న ప్రశ్నకు సమాధానం మనమే వెదుకుకోవాలి. గ్రేమ్ సిమ్సియన్ నవల ‘ది రోజీ ప్రాజెక్ట్’ (2013) గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. భార్యాన్వేషణకు ప్రశ్నాపత్రం తయారుచేసిన మెల్బోర్న్ జన్యుశాస్త్రాచార్యుని కథ అది. ఆస్పర్గర్ లక్షణాలపై ఉపన్యాసమిచ్చి కూడ తన్ను తాను గుర్తించుకొనకపోవటం సొగసైన వ్యంగ్యమే. అయినా నాయకుని చమత్కారాలకు నవ్వించి, పెండ్లి దాక నడపి, చేతులు దులుపుకొన్న నవల.

బ్రిటిష్ సామాజిక శాస్త్రజ్ఞుడు, స్వయంగా ఆటిజం గలవాడు అయిన డామియన్ మిల్టన్ 2012లో ఒక వాదం ప్రతిపాదించినాడు. ఆటిజం గలవారికి ఇతరుల మనస్సు తెలియదనటం సగం మాట మాత్రమే. ఇతరులకు వారి మనస్సు తెలియకపోవటం మిగిలిన సగమని ఆయన సిద్ధాంతం. మన పరిభాషలో చెప్పాలంటే, సహృదయత్వం ఒకరి సొత్తు కాదు. రెండు హృదయాల సంవాదం. పనినుండి వచ్చి భర్త తలుపు మూసుకొంటే అది తిరస్కారమని భార్య అర్థం చెప్పుకొంటుంది; చెవులలో హోరెత్తే లోకం నుండి అరగంట విశ్రాంతి అని అతని అర్థం. ఇక్కడ వ్యంగ్యార్థం వెదికి పొరబడినది ఆమె. అరగంట తరువాత వస్తానని అతడు నోరు విప్పి చెప్పటం, చెప్పినదానిని చెప్పినట్లు ఆమె నమ్మటం, రెండూ కావాలి. చెప్పకుండ దిగే బంధువులు, తలుపు మూస్తే తప్పు పట్టే ఉమ్మడి కుటుంబం గల మన ఇండ్లలో ఇది ఎంత కష్టమో వేరే చెప్పాలా?

భార్యకే ఈ స్వభావం ఉన్నప్పుడో? ఇంగ్లీషు రచయిత్రి కేథరిన్ మే నలుబదేండ్లు సమీపించిన దశలో తన్ను తాను గుర్తించుకొన్న తీరును 2018 నాటి గ్రంథంలో వ్రాసింది. సముద్రతీరం వెంట ఆమె ఒంటరిగా నడవటానికి భర్త, బిడ్డ తోడ్పడిన వైనం అందులో ఉన్నది. మన పెండ్లిచూపులలో కన్నెత్తి చూడని పిల్ల వినయవతి. అదే పిల్ల కాపురానికి వచ్చి ఆడబిడ్డ కండ్లలోకి చూడకపోతే పొగరుబోతు. కథకునికి ఇంతకంటె ఏమి కావాలి?

నేను చదువగోరే తెలుగు కథలో ఆ ఇల్లాలు ఒకనాటి ఉదయం, పుట్టింటిలో పలకరాదని నేర్పిన మాటనే పలుకుతుంది: “బియ్యం అయిపోయినవి. రెండు కిలోలు తెండి.” పలికి, నాలుక కరచుకొంటుంది. అతడు సంచి తీసుకొని గడప దాకా పోయి, అర్థం లేదని తాను ఏండ్లుగా వాదించిన మాటను, ఆమె కోసం, కొంచెం ఎబ్బెట్టుగానే అంటాడు: “వెళ్ళివస్తాను.” ఆ కథ ఇంకా నా కంట పడలేదు.