అల్ కరజీ జలగ్రంథం: నల్లగొండ, పాలమూరు బావుల దృష్టి నుంచి

విజ్ఞానశాస్త్ర చరిత్రను గురించి ప్రాంతీయంగా జరిగే విద్వత్సభలలో ముస్లిం శాస్త్రవేత్తల ప్రసక్తి వచ్చినప్పుడు చర్చ తరచు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఫలానా విషయాన్ని మొదట కనిపెట్టినవారెవరు? బీజగణితానికి అల్ ఖ్వారిజ్మీ, దృష్టిశాస్త్రానికి ఇబ్నుల్ హైసమ్, భూమి కొలతకు అల్ బిరూనీ అంటూ పేర్లు వరుసగా వినవస్తాయి. ఈ వరుసలో అబూబక్ర్ అల్ కరజీకి లభించే స్థానం గణితజ్ఞుడిది మాత్రమే. ఆయన 'అల్ ఫఖ్రీ'ని 1853లో ఫ్రాంజ్ వోప్కే ఫ్రెంచి పాఠకులకు పరిచయం చేసినది మొదలు ఆయన కీర్తి బీజగణితం మీదనే నిలిచింది. క్రీ.శ. 1017 ప్రాంతంలో ఆయనే రచించిన 'ఇన్బాతుల్ మియాహిల్ ఖఫియ్యా', అనగా మరుగున ఉన్న జలాలను వెలికితీసే విధానం, అంతగా చర్చకు రాదు.

ఈ గ్రంథాన్ని 1940 దశకంలో అరబీలో ముద్రించింది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. 1888లో స్థాపితమైన ఆ సంస్థ చేసిన సేవ చిన్నది కాదు. అయితే ఆ ముద్రణాలయానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టభూములలో నీటిని మించిన ప్రశ్న లేదు. కనుక ఈ గ్రంథాన్ని ఆ నేల మీద నిలబడి చదవడం సమంజసం. దాని బలమూ, పరిమితీ రెండూ అక్కడే స్పష్టపడతాయి.

గ్రంథం అమరిక గమనించదగినది. కరజీ భూమి స్వరూపంతో ఆరంభించి, వానకూ మంచుకూ భూగర్భజలానికీ గల సంబంధాన్ని వివరిస్తాడు. తరువాత నీటి జాడను తెలిపే కొండలు, మట్టి, మొక్కల లక్షణాలు వస్తాయి. నేల ఎత్తుపల్లాలను కొలిచే సాధనాలను వర్ణిస్తూ, చూపుగొట్టం అమర్చిన ఒక సాధనాన్ని తాను రూపొందించిన తీరు చెబుతాడు. కానాతు తవ్వకం, దాని సంరక్షణ, బావుల చుట్టూ విడిచిపెట్టవలసిన హద్దు కూడా అదే గ్రంథంలో ఉన్నాయి. గణితం, తవ్వేవాని పనితనం, పొరుగువాని హక్కు ఇలా ఒకే అట్టల మధ్య చోటు చేసుకున్నాయి. గ్రంథం అసలు విశిష్టత ఈ కూర్పులోనే ఉంది. కనిపెట్టినవారి జాబితాలో దీనికి చోటు దొరకకపోవడానికి కారణం కూడా ఇదే.

చెట్టును చూసి నీటిని ఊహించడం కరజీతో మొదలు కాలేదు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయంలో శరీరంలోని నాళాల వలె భూమిలో జలసిరలున్నాయని చెప్పి, చెట్లు, పుట్టలు, రాళ్ల గుర్తులను వివరించాడు. మొదటివారెవరు అని మాత్రమే అడిగే సభ ఇక్కడ వరాహమిహిరునికి పట్టం కట్టి ముగిస్తుంది. కానీ రెండు గ్రంథాలనూ పక్కపక్కన ఉంచితే తేడా తెలుస్తుంది. ఒకటి ఎక్కడ తవ్వాలో చెబుతుంది. రెండవది ఎలా తవ్వాలో, తవ్వినందువల్ల ఇతరులకు కలిగే నష్టాన్ని ఎలా తూచాలో కూడా ఆలోచిస్తుంది.

పరిమితుల సంగతి కూడా చెప్పుకోవాలి. కరజీ ఎరిగినది ఇరాన్ పర్వతసీమ. కొండపాదాన పేరుకున్న మెత్తటి ఒండ్రులోంచి వాలుగా సొరంగం తవ్వి నీటిని పల్లానికి తేవడం అక్కడ సాధ్యం. నల్లగొండ, పాలమూరు నేల ప్రధానంగా గ్రానైటు. నీరు పైనున్న శిథిలశిల పొరలోను, కింది పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది. ఇక్కడి పూర్వులు వాననీటిని కట్టవేసి ఆపే మార్గాన్ని ఎన్నుకున్నారు. కందూరు చోడుల కాలపు పానగల్లు ఉదయసముద్రం అందుకు సాక్ష్యం. చెరువు నిండితే దిగువ బావుల్లో ఊట పెరిగేది. ఈ సంబంధాన్ని గుర్తించని వారికి కరజీ పద్ధతి ఇక్కడ పూర్తిగా ఉపకరించదు.

రెండవ పరిమితి నీటి గుణానికి సంబంధించినది. రుచి, బరువు, రంగు వంటి లక్షణాలతో నీటిని తూచడం ఆ కాలపు పద్ధతి. నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు ఈ పరీక్షలలో దేనికీ చిక్కదు. తియ్యగా తోచే నీరే పళ్లను గారపట్టించి ఎముకలను వంచింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూరులోని నీరీ సంస్థ 1970 దశకంలో రూపొందించి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. జిల్లా పేరు దేశదేశాల పాఠ్యగ్రంథాలకు ఎక్కింది. అయితే నీటి గుణాన్నిబట్టి పటిక మోతాదును నిత్యం సరిచూడడం, అడుగున మిగిలే మడ్డిని తొలగించడం ఎవరి పని అనే ప్రశ్న సాంకేతిక వివరణలో ఇమడలేదు. సంరక్షణను కూడా శాస్త్రంలో భాగంగా చూసిన కరజీ దృష్టి ఇక్కడ లోపించింది.

గ్రంథంలో నేటికీ అత్యంత సజీవమైన భాగం హరీమును గురించినది. హరీము అంటే ఒక బావి చుట్టూ ఇతరులు తవ్వకూడని మేర. పశువుల బావికి 40 మూరలు, ఊటచెలమకు 500 మూరలు అని హనఫీ ధర్మశాస్త్రవేత్తలు పరిమాణం నిర్ణయించారు. ఆ మేర దాటి తవ్విన తరువాత మొదటి బావి ఎండినా రెండవవానిపై బాధ్యత లేదని వారి మతం. ఇమాం మాలిక్ అనుయాయులు మాత్రం స్థిరమైన కొలత పెట్టక, నేల గట్టిదనమూ మెత్తదనమూ చూసి, నష్టం కలుగుతుందా లేదా అన్నదే ప్రమాణమన్నారు. గ్రానైటు పగులు ఎంత దూరం పోతుందో పైనుంచి తెలియదు. మూరల లెక్క ఇక్కడ నిలవదు. నష్టాన్ని ప్రమాణంగా తీసుకున్న అభిప్రాయమే ఈ నేలకు సరిపోతుంది.

2002 నాటి వాల్టా చట్టం బోరు వేయడానికి అనుమతిని, ప్రభుత్వ తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల కట్టడిని నిర్దేశించింది. ఇది కూడా ఒక హరీమే. అయినా ఒకరి బోరు ఎండితే మరొకరు ఇంకా లోతుకు పోవడం, అప్పు పెరగడం ఆగలేదు. చట్టంలో దూరం ఉంది గాని, పొరుగువాని నష్టాన్ని తూచే సంప్రదాయం ఊళ్లలో నిలబడలేదు. చెరువు నీటిని వంతుల ప్రకారం పంచిన నీరటి వ్యవస్థ సన్నగిల్లిన చోట బోరు యజమానిని అడిగేవారు లేకపోయారు.

ఇంకొక విషయం ఈ ప్రాంతపు సభలలో సాధారణంగా వినిపించదు. గుంపు మేస్త్రీల వెంట ఊళ్లు విడిచి వెళ్లిన పాలమూరు కూలీలు దేశంలోని అనేక ఆనకట్టల, కాలువల మట్టిపనులు చేశారు. వడ్డెరలు రాతి పొరను చూసి గునపం వేయవలసిన చోటు చెప్పేవారు. ఈ జ్ఞానం వలస చరిత్రలో, పేదరికపు లెక్కల్లో చోటు పొందింది గాని విజ్ఞాన చరిత్రలోకి రాలేదు. నీటిని వెలికితీసే పనిని అత్యంత ప్రయోజనకరమైన విద్యగా ఎంచి, 'అల్ ఫఖ్రీ' రాసిన చేతితోనే దానిని అక్షరబద్ధం చేసిన కరజీ ఈ అలవాటును ఒప్పుకొని ఉండేవాడు కాదు.

నల్లగొండలో 2007లో, మహబూబ్‌నగర్‌లో 2008లో విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. విజ్ఞానశాస్త్ర చరిత్ర సభలకు వేదికలున్నాయి. ఆ వేదికలపై కరజీని ప్రస్తావించదలచినవారు ఆయన బీజగణితంతో ఆపక, ఈ జలగ్రంథాన్ని తెలుగులో చదివించి, దకార్గళంతోను, చెరువు శాసనాలతోను, బావులు తవ్విన వృద్ధుల మాటలతోను సరిపోల్చితే చర్చకు ప్రయోజనం చేకూరుతుంది. అట్టి సభలో భూగర్భ శాస్త్రజ్ఞుని పక్కన ధర్మశాస్త్రం ఎరిగినవారు, వారి పక్కన నీరటి కూర్చోవాలి. కరజీ గ్రంథం సుమారు వెయ్యేళ్ల కిందటే ఆ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టింది.