మకుటం ఉంటే వేమన పద్యమేనా?

గత ఏడాది పెనుకొండలో ఒక సాహిత్య సభలో వేమన కులనిరసనను గురించి మాట్లాడుతూ ఒక పద్యం చదివాను. చప్పట్లు బాగానే పడ్డాయి. సభ ముగిశాక ఒక రిటైరైన తెలుగు పండితులు దగ్గరకు వచ్చి, "ఆ పద్యం ఏ ప్రతిలో ఉంది నాయనా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అది వాట్సప్‌లో వచ్చిన పద్యం. హిందూపురం చేరాక బ్రౌన్ ప్రతి వెతికాను, లేదు. గణాలు కట్టి చూస్తే రెండో పాదంలోనే ఆటవెలది కుంటింది. ఐదూ సూర్యగణాలే ఉండవలసిన చోట ఇంద్రగణం దూరింది. ఇన్నేళ్ళుగా బడిలో ఛందస్సు చెబుతున్నవాణ్ణి, నా చెవి ఎందుకు పట్టుకోలేదు? పద్యంలోని భావం నాకు నచ్చింది గనుక.

ఇంటర్నెట్ వల్ల చదువురానివాళ్ళు మోసపోతున్నారనే వాదన అందుకే నాకు రుచించదు. మనకు ఇష్టమైన అబద్ధాన్ని మనమూ పరీక్షించం.

అలాగని పాతకాలపు పాండిత్యం కోసం వాపోవడం అభ్యుదయ విమర్శకుని పని కాదు. వేమనను కవుల వరుసలో కూర్చోబెట్టడానికి వెనుకాడింది ఆ పాండిత్యమే. వ్రాతప్రతులు సేకరించి 1829లో 693 పద్యాలు, 1839లో 1164 పద్యాలు అచ్చువేయడానికి సి.పి. బ్రౌన్ అనే దొర కావలసివచ్చాడు. వేమన మకుటం తగిలించి ఎవరికి తోచిన పద్యం వారు కట్టడం కూడా కొత్త కాదు. ఈనాడు బ్రౌన్ నిఘంటువు ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చున్న కుర్రవాడి ఫోన్‌లో తెరుచుకుంటుంది. బీరువా తాళాలు పండితుల మొలనుంచి జారిపోవడం చిన్న విజయం కాదు.

కాని అదే ఫోన్‌లో లేపాక్షి వేలాడే స్తంభాన్ని జరపబోయి ఓడిపోయిన ఇంగ్లీషు ఇంజనీరు కథ రోజూ తిరుగుతుంది. ఏ నివేదికలో ఉందంటే చెప్పేవారు లేరు. అచ్యుతదేవరాయల కాలపు శాసనాలు ఆ గుడిలోనే ఉన్నాయి. వాటి ముందు ఫోన్ ఎత్తినవారిని నేను చూడలేదు. జనం ఎంతసేపు చూస్తే కంపెనీకి అంత ప్రకటనల డబ్బు. ఆ అంగట్లో నిజానికీ అబద్ధానికీ ఒకటే ధర.

ధర్మవరం చీర మీద అనుమానమొస్తే ఒక పోగు తీసి కాలుస్తారు. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద నలిపితే పొడి అవుతుంది. ప్లాస్టిక్ పోగయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. దీనికి పాండిత్యం అక్కరలేదు. కాని తేడా వస్తే తిరిగివెళ్ళి నిలదీయడానికి ఒక అంగడి, ఒక మనిషి ఉండాలి. వాట్సప్ పద్యానికి ఆ మనిషి లేడు. ఛందస్సు పోగు కాల్చే పరీక్ష లాంటిదే గాని, అదొక్కటే చాలదు. గణాలు కుదిరినంత మాత్రాన అది వేమనది కాదు, ఎవరైనా కుదర్చగలరు. అడిగిందే తడవుగా ఇప్పుడు యంత్రం కూడా మకుటంతో సహా పద్యం అల్లి ఇస్తోంది. పెనుకొండ పండితుల ప్రశ్న తప్ప మనకు వేరే దిక్కు లేదు: ఏ ప్రతి? ఎన్నో పద్యం?

సభ నిర్వాహకులకు ఉత్తరం రాశాను, ఆ పద్యం వేమనది కాదని. అప్పటికే ఎవరో నా ప్రసంగాన్ని వీడియో తీసి పెట్టారట. పద్యం కింద నా పేరు, పక్కన ఎం.ఏ. తెలుగు అని కూడా వేశారు. మొన్న మా తరగతిలో ఒక అమ్మాయి అదే పద్యం అప్పజెప్పింది. ఎక్కడిదమ్మా అంటే, "మీరు చెప్పిందే సార్" అంది.